సౌండ్ ఎక్కడ ఆగింది?

అమీర్‌పేట మైత్రీవనం దగ్గర తలెత్తి చూస్తే ఆకాశం కన్నా బోర్డులే ఎక్కువ కనిపిస్తాయి. లినక్స్ అడ్మిన్, డెవాప్స్, క్లౌడ్... అక్కణ్నుంచి మధురానగర్ మీదుగా ఓ అరగంట నడవండి. యూసుఫ్‌గూడ, కృష్ణానగర్ వస్తాయి. అక్కడ బోర్డులు మారిపోతాయి. డబ్బింగ్ థియేటర్లు, ఎడిటింగ్ సూట్లు, టీ బంకు దగ్గర ఛాన్స్ కోసం ఎదురుచూసే జనం. హైదరాబాద్‌లో తొలినాళ్ల సినిమా స్టూడియోల్లో ఒకటైన శ్రీ సారథి స్టూడియోస్ కూడా ఈ చుట్టుపక్కలే. ఒక వైపు లినక్స్, ఒక వైపు సినిమా. మధ్యలో మా మధురానగర్, దాన్నిండా హాస్టళ్లు. పగలు షెల్ స్క్రిప్టులు రాసి, రాత్రి పదింటికి మంచం మీద కీబోర్డు పరుచుకుని ట్యూన్ కట్టే కుర్రాళ్లు ఈ సందుల్లో నాకు తెలిసే నలుగురైదుగురున్నారు.

వాళ్లలో చాలామందికి లినక్స్ ఇష్టమై రాలేదు, అవసరమై వచ్చింది. లాప్‌టాప్ పాతది, ర్యామ్ ఎనిమిది జీబీ. సాఫ్ట్‌వేర్ కొనే డబ్బు లేదు, క్రాక్ చేసింది వేస్తే వైరస్ వచ్చి ప్రాజెక్టులన్నీ పోయిన అనుభవం ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. లినక్స్ ఉచితం. పైగా కోర్సు కోసం ఎలాగూ ఇన్‌స్టాల్ చేశారు. ఆర్డౌర్ ఉంది, ఎల్ఎంఎంఎస్ ఉంది, ఆడాసిటీ ఉంది. అంతా బాగుంది. కానీ ఇన్‌స్టిట్యూట్‌లో నేర్పే లినక్స్ అంటే సర్వర్. సర్వర్‌కి స్పీకర్ ఉండదు. అందుకే సౌండ్ రాకపోతే ఏం చేయాలో ఏ సిలబస్‌లోనూ లేదు. ఈ వారం కాలమ్ ఆ లేని చాప్టర్ కోసం.

ముందు ఒక మాట. ‘సౌండ్ రావట్లేదు’ అన్నది కంప్లయింట్ కాదు. ‘మా ఏరియాలో కరెంట్ లేదు’ అన్నట్టు ఉంటుంది. ఎక్కడ పోయింది? మీ గదిలో ఫ్యూజా, బిల్డింగ్ మీటరా, వీధిలో ట్రాన్స్‌ఫార్మరా? లైన్‌మన్ వచ్చి ముందు చూసేది అదే. లినక్స్‌లో సౌండ్ కూడా అలాంటి లైనే. మీ సాఫ్ట్‌వేర్‌లో పుట్టి, సౌండ్ సర్వర్‌లోకి వెళ్లి, అక్కణ్నుంచి డ్రైవర్‌లోకి, డ్రైవర్ నుంచి యూఎస్‌బీ వైరు గుండా ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి వెళ్తుంది. ఎక్కడో ఒకచోట ఆగింది. అది ఎక్కడో తెలిస్తే ముప్పావు వంతు పని అయిపోయినట్టే. తెలియకుండా యూట్యూబ్‌లో దొరికిన కమాండ్లన్నీ వరసగా పేస్ట్ చేస్తే, ఒక చోట ఆగినది మూడు చోట్ల ఆగుతుంది.

ఈ లైన్‌లో పేర్లు కొంచెం గందరగోళంగా ఉంటాయి, ఎందుకంటే ఒక్కొక్కటీ ఒక్కో కాలంలో వచ్చింది. అన్నిటికన్నా కింద ఆల్సా. ఇది కెర్నెల్లోనే ఉంటుంది, కార్డుతో నేరుగా మాట్లాడేది ఇదే. యారోస్లావ్ కిసేలా 1998లో మొదలుపెట్టాడు. దీనికి ఒక స్వభావం ఉంది: సాధారణంగా కార్డును నేరుగా ఒక ప్రోగ్రామ్ పట్టుకుంటే రెండోదానికి దొరకదు. రెండోది అడిగితే ‘డివైస్ బిజీ’ అంటుంది. మరి పాట, వాట్సాప్ నోటిఫికేషన్ రెండూ ఒకేసారి వినపడాలంటే మధ్యలో ఒక పెద్దమనిషి కావాలి. ఆ పెద్దమనిషే సౌండ్ సర్వర్. మామూలు జనం కోసం పల్స్‌ఆడియో వచ్చింది, లెనార్ట్ పొటరింగ్ చేసింది. సంగీతం చేసేవాళ్ల కోసం జాక్ వచ్చింది, పాల్ డేవిస్ చేసింది. ఈ పాల్ డేవిస్సే ఆర్డౌర్ కూడా మొదలుపెట్టాడు. అంతకుముందు అమెజాన్‌లో చేరిన మొట్టమొదటి ప్రోగ్రామర్లలో ఒకడు. అమెజాన్ వదిలేసి మల్టీట్రాక్ రికార్డర్ రాసుకున్నాడంటే ఏ పిచ్చో మనకి తెలిసిందే.

పల్స్‌ఆడియోకి జాక్‌తో పడేది కాదు. ఇద్దరికీ కార్డు కావాలి, కార్డు ఒక్కటే. 2010ల్లో రాసిన ప్రతి గైడూ ఈ తగాదా తీర్చడానికి రాసిందే: పల్స్‌ని ఆపండి, జాక్‌ని లేపండి, ఈ ఫైల్లో ఈ లైన్ రాయండి. తర్వాత రెడ్‌హ్యాట్‌లో పనిచేసే విమ్ టేమాన్స్ పైప్‌వైర్ అనేది తెచ్చాడు. పల్స్ కోసం రాసిన ప్రోగ్రామూ, జాక్ కోసం రాసిన ప్రోగ్రామూ రెండూ దీనితోనే మాట్లాడతాయి, తాము మాట్లాడేది పాత మనిషితో కాదని వాటికి తెలియదు కూడా. ఫెడోరా 34 (2021)లో ఇదే డిఫాల్ట్ అయింది. ఉబుంటులో 22.10 నుంచి. పైప్‌వైర్ 1.0 వెర్షన్ 2023 నవంబర్‌లో వచ్చింది. అంటే మీరు ఈ మధ్య వేసుకున్న లినక్స్‌లో ఆ పాత తగాదా దాదాపు లేదు. తగాదా లేనిచోట పాత గైడ్ చూసి పంచాయితీ పెడితే కొత్త తగాదా పుడుతుంది.

మా వీధి హాస్టల్లో ఒక తమ్ముడికి సరిగ్గా ఇదే జరిగింది. ఖమ్మం వైపు నుంచి డెవాప్స్ కోర్సుకి వచ్చాడు. కీబోర్డు బాగా వాయిస్తాడు. కృష్ణానగర్‌లో పరిచయమైన ఒక షార్ట్‌ఫిల్మ్ వాళ్లు పదకొండు నిమిషాల సినిమాకి బ్యాక్‌గ్రౌండ్ స్కోర్ అడిగారు. డబ్బు పెద్దగా లేదు, పేరు పడుతుంది. ఆదివారం ఉదయానికి ఇవ్వాలి. శుక్రవారం రాత్రి ఫోన్ చేశాడు. “అన్నా, ఇంటర్‌ఫేస్ పోయినట్టుందన్నా. రేపు పొద్దున ఓఎల్‌ఎక్స్‌లో పెట్టేసి, ఫ్రెండ్ దగ్గర లాప్‌టాప్ అడుగుదామనుకుంటున్నా” అన్నాడు. ఆ ఇంటర్‌ఫేస్ కొనడానికి ఎనిమిది నెలలు డబ్బు కూడబెట్టాడని నాకు తెలుసు. “అమ్మడం రేపు కూడా కుదురుతుంది, ముందు లాప్‌టాప్ తీసుకుని రా” అన్నాను.

కిందినుంచి మొదలుపెట్టాం. వైరు గుచ్చి టెర్మినల్లో ఎల్ఎస్‌యూఎస్‌బీ కొడితే ఇంటర్‌ఫేస్ పేరు కనిపించింది. అంటే వైరు బతికే ఉంది, డబ్బా బతికే ఉంది. తర్వాత ఏప్లే అనే కమాండ్, పక్కన హైఫన్, చిన్న ఎల్. (ఇక్కడ పలికినట్టు రాస్తున్నాను, మీరు టైప్ చేసేది ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లోనే.) దాంట్లో కార్డుల లిస్టు వచ్చింది: హెచ్‌డీఎంఐ ఒకటి, లాప్‌టాప్ సొంత కార్డు ఒకటి, మూడోది ఇంటర్‌ఫేస్. అంటే ఆల్సాకి కూడా కార్డు తెలుసు. ఓఎల్‌ఎక్స్ ఆలోచన అక్కడితో చచ్చిపోయింది. రెండే కమాండ్లు, ఒక్క నిమిషం.

మరి ఆర్డౌర్ ఎందుకు తెరుచుకోవట్లేదు? కార్డు ఇంకెవరి చేతిలోనో ఉందన్నమాట. ఎవరి చేతిలో ఉందో చెప్పే కమాండ్ ఫ్యూజర్. హైఫన్ వీ పెట్టి, స్లాష్ డెవ్ స్లాష్ ఎస్‌ఎన్‌డీ స్లాష్ స్టార్ అని ఇస్తే సౌండ్ ఫైళ్లను పట్టుకున్న ప్రోగ్రాముల పేర్లన్నీ వస్తాయి. వైర్‌ప్లంబర్ అనే పేరు కనిపిస్తే కంగారు పడకండి, అది పైప్‌వైర్ మేనేజర్, ఉండాల్సిందే. మా వాడి లిస్టులో దానితో పాటు జాక్‌డీ ఉంది. అదీ దొంగ! పాత జాక్ సర్వర్. వీడు ఒక పాత వీడియో చూసి దాన్ని ఇన్‌స్టాల్ చేశాడు, క్యూజాక్‌సీటీఎల్ అనే కంట్రోల్ ప్యానెల్ సెట్టింగ్స్‌లో అప్లికేషన్ తెరవగానే సర్వర్ మొదలవ్వాలని టిక్ పెట్టాడు, ఆ ప్యానెల్‌ని లాగిన్ కాగానే తెరుచుకునేలా పెట్టాడు. కాబట్టి లాప్‌టాప్ ఆన్ చేసిన ప్రతిసారీ జాక్ ముందే వెళ్లి సీటు మీద కర్చీఫ్ వేసేస్తోంది. రీస్టార్ట్ చేస్తే పోతుందని వాడు పన్నెండుసార్లు రీస్టార్ట్ చేశాడట. పన్నెండుసార్లూ కర్చీఫ్ పడింది.

టిక్ తీసేశాం. పైప్‌వైర్‌కి జాక్ లాగా మాట్లాడే ప్యాకేజీ ఒకటుంది, పైప్‌వైర్-జాక్ అని. అది వేశాం. ఉబుంటు, డెబియన్‌లలో అయితే ప్రోగ్రామ్ పేరుకి ముందు పీడబ్ల్యూ-జాక్ అని పెట్టి నడిపితే, ఆ ప్రోగ్రామ్ అసలు జాక్ బదులు పైప్‌వైర్‌తో మాట్లాడుతుంది. ఆర్డౌర్ తెరుచుకుంది. తంబూరా శాంపిల్ ఒకటి ప్లే చేశాడు. వాడి ముఖం చూడాల్సింది.

(జాక్ అక్కర్లేదు, ఆర్డౌర్‌ని నేరుగా ఆల్సా మీదే నడుపుతాను అనేవాళ్లూ ఉన్నారు. తప్పేం లేదు, చక్కగా నడుస్తుంది. కాకపోతే అప్పుడు కార్డు మొత్తం ఆర్డౌర్‌దే. బ్రౌజర్‌లో యూట్యూబ్ మూగబోతుంది. అది జబ్బు కాదు, మీరు చేసుకున్న ఒప్పందం.)

పది నిమిషాలకి రెండో గొడవ మొదలైంది. టక్... టక్ టక్... మధ్యమధ్యలో చిటికెలు వేసినట్టు. దీన్ని ఎక్స్‌రన్ అంటారు. ఇది అర్థం కావాలంటే హాస్టల్ బాత్రూం గుర్తు తెచ్చుకోండి. నల్లా నుంచి సన్నగా నీళ్లు వస్తున్నాయి, మీరు బకెట్ నింపి మోసుకెళ్లి డ్రమ్ములో పోస్తున్నారు. డ్రమ్ము ఎప్పుడూ ఎండిపోకూడదు. పెద్ద బకెట్ అయితే తక్కువసార్లు తిరగొచ్చు, మధ్యలో ఎవరైనా పిలిచినా పర్లేదు. కానీ బకెట్ నిండేదాకా ఆగాలి. చిన్న చెంబు అయితే వెంటనే నిండుతుంది, కానీ ఊపిరి తీసుకోకుండా తిరుగుతూనే ఉండాలి. ఒక్క ట్రిప్పు లేటయినా డ్రమ్ము ఎండుతుంది. ఆ ఎండిన క్షణమే ‘టక్’. బకెట్ సైజే బఫర్. పైప్‌వైర్‌లో దాన్ని క్వాంటమ్ అంటారు.

లెక్క సులువే. సెకనుకి 48,000 శాంపిళ్లు వెళ్తుంటే, 1024 శాంపిళ్ల బకెట్ నిండటానికి 21 మిల్లీసెకన్లు పడుతుంది. 256 అయితే 5.3. ఇది ఒక్క బకెట్‌కి మాత్రమే. మైకులోంచి లోపలికి, మళ్లీ హెడ్‌ఫోన్‌లోకి అంటే కనీసం రెండు బకెట్లు, పైన ఇంటర్‌ఫేస్ సొంత ఆలస్యం కొంత. ఇది ఎక్కువో తక్కువో ఎలా తెలుస్తుంది? గాలిలో శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది, అంటే మీటరుకి దాదాపు మూడు మిల్లీసెకన్లు. కచేరీలో గాయకుడికి రెండు మీటర్ల దూరంలో మృదంగం ఉంటే ఆయనకి ఆరు మిల్లీసెకన్లు ఆలస్యంగానే వినిపిస్తుంది, ఎవరికీ ఇబ్బంది లేదు. 21 మిల్లీసెకన్లంటే మృదంగం విద్వాంసుణ్ని ఏడు మీటర్ల అవతల కూర్చోబెట్టినట్టు. పాడొచ్చు, కానీ తాళం జారుతున్నట్టు అనిపిస్తుంది. అందుకే నా సలహా ఇది: వాయించేటప్పుడు 128 లేదా 256, మిక్సింగ్ చేసేటప్పుడు 1024. మిక్సింగ్‌లో వెంటనే వినపడాల్సిన అవసరం లేదు కదా. కొంతమంది 32 పెట్టి గొప్పగా స్క్రీన్‌షాట్లు పెడుతుంటారు. మెషిన్ తట్టుకుంటే సరే. పాత లాప్‌టాప్‌లో మాత్రం అది చెంబుతో ట్యాంకు నింపడమే.

మా వాడి బఫర్ 256 లోనే ఉంది. తక్కువేం కాదు, ఐనా టక్ టక్. పీడబ్ల్యూ-టాప్ అనే కమాండ్ తెరిచాం. ఇది నాకు చాలా ఇష్టమైన కమాండ్. ఏ ప్రోగ్రామ్ ఏ క్వాంటమ్‌లో, ఏ రేట్‌లో నడుస్తోందో లైన్లు లైన్లుగా కనిపిస్తుంది. ఈఆర్‌ఆర్ అనే ఒక కాలమ్ ఉంటుంది. టక్ మన్నప్పుడల్లా అక్కడ అంకె పెరుగుతుంటే ఆ లైన్‌లో ఉన్నదాని మీద అనుమానం. ఇంటర్‌ఫేస్ లైన్‌లోనే పెరుగుతోంది. సాఫ్ట్‌వేర్‌లో ఏమీ ముట్టుకోకుండా టేబుల్ కింద చూశాను. చిన్న యూఎస్‌బీ హబ్. దానికి ఇంటర్‌ఫేస్, పాత హార్డ్‌డిస్క్, ఛార్జింగ్‌లో ఫోన్. శాంపిళ్లన్నీ ఆ హార్డ్‌డిస్క్‌లోనే ఉన్నాయి. ఇంటర్‌ఫేస్‌ని తీసి నేరుగా లాప్‌టాప్ పోర్టులో పెట్టాం. అంకె పెరగడం ఆగింది. దీనికోసం వాడు ముందురోజు రాత్రంతా కూర్చుని కొత్త కెర్నెల్ ఎక్కించాడు పాపం.

కెర్నెల్ అంటే గుర్తొచ్చింది. ‘రియల్‌టైమ్ కెర్నెల్ వేస్తేనే మ్యూజిక్ నడుస్తుంది’ అనే మాట ఇంకా తిరుగుతూనే ఉంది. ఇరవై ఏళ్లు విడిగా నడిచిన ఆ రియల్‌టైమ్ ప్యాచ్ 2024లో 6.12 వెర్షన్‌తో అసలు కెర్నెల్లోనే కలిసిపోయింది. సంతోషమే. కానీ ఇంట్లో రికార్డింగ్‌కి దాదాపు ఎవరికీ ప్రత్యేకంగా ఆ కెర్నెల్ అక్కర్లేదని నా అభిప్రాయం. అంతకన్నా ముందు చూడాల్సింది పర్మిషన్. మీ యూజర్‌కి రియల్‌టైమ్ ప్రయారిటీ తీసుకునే హక్కు ఉండాలి. చాలా డిస్ట్రోల్లో దానికి ఆడియో అనే గ్రూపులో మీ పేరు చేరాలి, ఆ గ్రూపుకి లిమిట్స్ ఫైల్లో హక్కు రాసి ఉండాలి. ఉబుంటు స్టూడియోలో అయితే దీనికి సెట్టింగ్స్ టూలే ఉంది. గ్రూపులో చేరాక ఒకసారి లాగౌట్ అయి మళ్లీ లాగిన్ అవ్వాలి. చాలామంది ఇక్కడే ‘చేశాను, పనిచేయలేదు’ అంటారు.

షార్ట్‌ఫిల్మ్ కథలో ఇంకో మలుపు ఉంది. స్కోర్ మొదట్లో వాడు సెషన్‌ని 44,100లో పెట్టాడు, సీడీ అలవాటు. వీడియో ప్రపంచం మొత్తం 48,000 మీద నడుస్తుంది, పైప్‌వైర్ డిఫాల్ట్ కూడా అదే. ఈ తేడాని సాఫ్ట్‌వేర్ సర్దితే మనకి తెలియనే తెలియదు. సర్దకపోతే? 44,100లో రికార్డు చేసింది 48,000లో పరిగెడుతుంది, వేగం దాదాపు తొమ్మిది శాతం పెరుగుతుంది, దాంతో శ్రుతీ పెరుగుతుంది. ఎంత? ఒకటి శ్రుతిలో పాడింది ఒకటిన్నరకీ రెండుకీ సరిగ్గా మధ్యలో వచ్చి పడుతుంది. ఏ హార్మోనియం మెట్టుకీ అందదు. ‘పాట కొంచెం తేడాగా ఉందేంటి’ అని మీరు ఈక్వలైజర్ తిప్పుతూ కూర్చుంటారు. రేట్లు వేరుగా ఉన్నాయని సెషన్ తెరిచేటప్పుడు హెచ్చరిక వస్తే, దయచేసి చదవండి. ఓకే కొట్టేయకండి. సినిమా కోసమైతే మొదటిరోజే 48,000 పెట్టుకోండి.

ఇంకో సమస్య ఇంటర్‌ఫేస్ లేనివాళ్లది. యూఎస్‌బీ మైక్ ఒకటి కొని, వినడానికి లాప్‌టాప్ హెడ్‌ఫోన్ జాక్ వాడతారు. ఇక్కడ రెండు డబ్బాలు, రెండు గడియారాలు. రెండూ 48,000 అనే చెప్తాయి, కానీ ఒకటి సెకనుకి రెండు మూడు శాంపిళ్లు ముందు నడుస్తుంది. ఇద్దరు మనుషులు ఒకరినొకరు చూసుకోకుండా ఆది తాళం వేస్తే పావుగంటకి ఎక్కడ ఉంటారో ఊహించుకోండి. పైప్‌వైర్ ఈ తేడాని తనే సర్దుతుంది, పాత జాక్ దానంతట అది సర్దేది కాదు. అయినా పని సీరియస్‌గా చేసేటప్పుడు, మైక్‌కే హెడ్‌ఫోన్ పెట్టుకునే రంధ్రం ఉంటే అందులోనే పెట్టుకోండి. ఒక డబ్బా, ఒక గడియారం.

బ్లూటూత్ ఇయర్‌బడ్స్ గురించి రెండు ముక్కలు. వాటి ఆలస్యం తేలిగ్గా వంద మిల్లీసెకన్లు దాటుతుంది. ఏ సెట్టింగూ దాన్ని వాయించడానికి పనికొచ్చేలా చేయదు. పైగా వాటి మైక్ ఆన్ చేయగానే కాల్ మోడ్‌లోకి వెళ్లి పాట టెలిఫోన్‌లో విన్నట్టు అవుతుంది. వంద రూపాయల వైరు హెడ్‌ఫోన్ దీనికన్నా మేలు.

అలాగే వర్చువల్ మెషిన్‌లో లినక్స్ వేసి ‘లేటెన్సీ ఎక్కువ’ అనకండి. అక్కడ పైప్‌వైర్ కావాలనే క్వాంటమ్‌ని 1024 కన్నా తగ్గనివ్వదు. పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేసి చూడండి, అప్పుడు మీ మెషిన్ అసలు స్వరూపం తెలుస్తుంది. సెట్టింగ్స్‌లో ‘డమ్మీ ఔట్‌పుట్’ అని మాత్రమే కనిపిస్తోందా? సర్వర్ బాగానే ఉంది, దానికి కార్డే దొరకలేదు. కొత్త ఇంటెల్ లాప్‌టాప్‌లలో చాలాసార్లు సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే ప్యాకేజీ లేకపోవడమే కారణం. ఇంటర్‌ఫేస్‌కి నాలుగు ఇన్‌పుట్లుంటే రెండే కనిపిస్తున్నాయా? పల్స్‌ఆడియో వాల్యూమ్ కంట్రోల్‌లో కాన్ఫిగరేషన్ ట్యాబ్‌కి వెళ్లి ‘ప్రో ఆడియో’ ప్రొఫైల్ ఎంచుకోండి. నిన్న పనిచేసిన కార్డు నంబర్ ఇవాళ మారిందా? కార్డు నంబర్లు ప్లాట్‌ఫామ్ నంబర్ల లాంటివి, ఒక్కో బూట్‌కి మారొచ్చు. నంబర్ కాకుండా పేరుతో ఎంచుకుంటే ఈ గొడవుండదు.

ఇంకా కుదరకపోతే అడగండి, తప్పకుండా అడగండి. కాకపోతే ‘అన్నా సౌండ్ రావట్లేదు’ అని కాదు. ఏ డిస్ట్రో, ఏ వెర్షన్, ఏప్లే లిస్టులో కార్డు ఉందా, ఫ్యూజర్ ఎవరి పేరు చెప్పింది, పీడబ్ల్యూ-టాప్‌లో అంకె ఎక్కడ పెరుగుతోంది. ఇవి రాసి పంపితే నేను మెట్రోలో నిలబడి కూడా జవాబు ఇవ్వగలను.

వచ్చే వారం మిడీ కీబోర్డుల సంగతి. కీ నొక్కితే లైటు వెలుగుతుంది, స్క్రీన్ మీద గీత కదులుతుంది, చప్పుడు మాత్రం రాదు. దానికి కారణం వేరే.